ఎడమ చెవి వైపు

ఆ సంవత్సరం గోదావరిఖనిలో అందరూ పని బంద్ పెట్టిన మర్నాడే నాకు డ్యూటీ మొదలైంది.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె సెప్టెంబరు పదమూడున మొదలైంది. బొగ్గు బాయిలన్నీ ఆగిపోయాయి. నా డ్యూటీ పద్నాలుగున, హైదరాబాదులో, ఒక పెద్ద దవాఖాన కింది అంతస్తులో. రోజూ ఉదయం పదిన్నరకు బల్ల మీద పడుకోవాలి. నా ముఖం అచ్చుతో చేసిన జాలీ ముసుగు వేసి, దాన్ని బల్లకు బిగించేస్తారు. అందరూ బయటికి పోయి తలుపు వేసుకుంటారు. యంత్రం నా తల చుట్టూ తిరుగుతుంది. అలా ముప్పై అయిదు రోజులు. శని, ఆదివారాలు సెలవు. దానికి డాక్టర్లు పెట్టుకున్న పేరు వేరే ఉంది గాని మా అందరి నోళ్ళలో అది "కరెంటు పెట్టుడు".

నా పేరు సదయ్య. అప్పటికి నలభై మూడేళ్ళు. బొగ్గు టబ్బుల్ని ఇనప తాడుతో పైకి లాగే ఇంజను నడిపేవాణ్ణి. ఆ పనికి చేతుల కన్నా చెవులు ముఖ్యం. కింద బాయిలోంచి కొట్టే గంటను బట్టి ఇంజను లాగాలి, ఆపాలి. ఆ వేసవిలో నా ఎడమ చెవి మూసుకుపోయింది. జలుబనుకున్నాను. పొద్దున్నే ముక్కు చీదితే నెత్తుటి చార కనిపించేది. ఎండ అనుకున్నాను. ఎడమ దవడ కింద రేగుపండంత గడ్డ లేచింది. దాన్ని ఏమీ అనుకోలేకపోయాను. ఒకరోజు గంట ఎన్నిసార్లు మోగిందో తేల్చుకోలేక ఇంజను ఆపేసి, నేనే మేనేజరు దగ్గరికి వెళ్ళి, "సార్, నన్ను ఈ సీట్ల కూసోపెట్టకుండ్రి. నాకు ఇనస్తలేదు" అని చెప్పాను. అక్కణ్ణుంచి దవాఖానలు మొదలయ్యాయి.

చివరికి తేలిందేమిటంటే, ముక్కు వెనక, కొండనాలుకకు పైన, అద్దంలో ఎంత చూసుకున్నా కనపడని చోట కాన్సరు. మెడలోకి దిగింది. ముదిరింది. అది కత్తి పెట్టే చోటు కాదట, కానీ కరెంటుకు బాగా లొంగే జబ్బట. ముసుగు చేయించడానికి మొదటిసారి నా భార్య రాజకుమారి వెంట వచ్చింది. ఏడు వారాలు నాతో ఉండటం మాత్రం ఆమెకు కుదరదు. అమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది, ఆడపిల్లలిద్దరూ బడికి పోతున్నారు.

అప్పుడు రంగంలోకి దిగింది మా అక్క యమున.

అక్క ఇల్లు మాకు రెండు గల్లీల అవతల. ఆమె భర్త ఎల్లేశం మా బాయిలోనే బొగ్గు కొట్టే కోల్ కట్టరు. నాకు బావ. నాలుగేళ్ళ కింద వరకు ఇద్దరం ఒకే సైకిలు మీద డ్యూటీకి పోయినవాళ్ళం. నాలుగేళ్ళ కింద యూనియన్ ఎన్నికలు వచ్చాయి. అతనిదొక యూనియను, నాదొకటి. మా యూనియన్ గెలిస్తే నేను మా బాయికి పిట్ సెక్రటరీ అయ్యేవాణ్ణి. పదకొండు ఓట్లతో ఓడిపోయాం. ఆ పొద్దు గేటు ముందు ఛాయ్ బండి దగ్గర, యాభై మంది వింటుండగా నేనొక మాటన్నాను. "ఇయ్యాల్టి సంది నువ్వు నాకు బావవు కావు. మా అక్క మొగనివి, అంతే."

బావ ఛాయ్ గ్లాసు బండి మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అక్క వస్తే అతను గేటు బయట నిలబడేవాడు.

సమ్మెకు ముందు రోజు కూడా అలాగే నిలబడ్డాడు. అక్క మా వరండాలోంచే కేకేసింది.

"ఏంది, సమ్మె టెంటు కాడికి పోతున్నవా?"

"మరి? రేపటి సంది సమ్మె. పొద్దుగాల ఆరింటికి గేటు కాడ ఉండాలె."

"నువ్వు లేకపోతె సమ్మె ఆగదు. వాని ఎంబడి మనిషి లేకపోతె వాడు ఆగుతడు. సంచి సదిరిన. రేపు పొద్దుగాల బండికి పోతున్నవ్."

"ఎవలు? నేనా?"

"కాదు, మీ యూనియన్ ప్రెసిడెంటు."

బావ గేటు ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత, "సంచిల తువ్వాల పెట్టినవా?" అని అడిగాడు.

*

రామగుండం స్టేషనులో బండెక్కిన దగ్గర్నుంచీ అతను నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కాజీపేటలో ఛాయ్ వచ్చినప్పుడు, "తాగేటోళ్ళు తాగొచ్చు" అన్నాడు కిటికీతో. "తాగేటోళ్ళు తాగుతరు" అన్నాను ఎదుటి సీటుతో. ఇద్దరం తాగాం.

దవాఖానలో కాగితాలు రాసే అమ్మాయి, "పేషెంటుకు మీరేమవుతారు?" అని అడిగింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళ అక్క మొగణ్ణి."

"అంటే బావే కదా" అని ఆ అమ్మాయి రాసేసుకుంది. మేమిద్దరం చెరో గోడ వైపు చూశాం.

వెంట వచ్చిన మనిషి మారాడు కాబట్టి డాక్టరమ్మ అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. వారానికి అయిదు రోజులు కరెంటు, వారానికొకసారి సెలైనుతో పాటు మందు. బావ చేతులు కట్టుకుని విన్నాడు.

"మేడం, కరెంటొక్కటి సాలదా? ఆ మందుకు వాంతులైతయంటరు గదా."

"ముదిరినప్పుడు రెండూ కలిపి ఇస్తేనే ఎక్కువమందికి నయమవుతుంది. మందెక్కితే ఆ గడ్డ కరెంటు దెబ్బకు సులువుగా లొంగుతుంది. ఒంట్లో ఇంకెక్కడైనా కణాలు దాక్కుని ఉంటే వాటి వెంట కూడా ఆ మందు పడుతుంది."

"అంటే, బొగ్గుకు ముందుగాల డ్రిల్లు కొట్టి, తర్వాత పేల్చినట్టు."

డాక్టరమ్మ నవ్వింది. "దాదాపు అంతే. కానీ రెండూ కలిస్తే బాధ కూడా ఎక్కువే. నోరంతా పుండవుతుంది, రుచి పోతుంది, ముద్ద దిగదు. ఎంత కష్టమైనా మధ్యలో ఆపకూడదు. మధ్యలో ఖాళీ ఇస్తే ఆ జబ్బు మళ్ళీ పుంజుకుంటుంది."

"నాగా ఉండదు మేడం," అన్నాడు బావ నా వైపు చూడకుండానే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతను డ్యూటీకి నాగా పెట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

దవాఖాన వెనక గల్లీలో ఒక గది తీసుకున్నాం. రెండు మంచాలు, ఒక స్టవ్వు. బావ జన్మలో పొయ్యి ముందు కూర్చున్నవాడు కాదు. మొదటి రోజు అన్నం మాడింది, రెండో రోజు పప్పు ఉడకలేదు, మూడో రోజు అక్కకు ఫోను చేసి గంటసేపు పాఠం చెప్పించుకున్నాడు. అప్పటికి నా నాలుక ఇంకా బాగానే ఉంది కాబట్టి ఆ మూడు రోజుల వంటా నాకు పూర్తిగా గుర్తుంది.

పొద్దున పది దాటగానే నడుచుకుంటూ పోయేవాళ్ళం. అతనెప్పుడూ నాకు ఎడమ వైపే నడిచేవాడు. ఎడమ వైపే కూర్చునేవాడు. ఆ చెవి నాకు వినపడదని తెలుసు కాబట్టి, మాట్లాడే బాధ తప్పుతుందని అలా చేస్తున్నాడనుకున్నాను. అయితే నడుస్తున్నంతసేపూ అతని పెదాలు కదులుతూ ఉండేవి. నన్ను తిట్టుకుంటున్నాడో, దేవుణ్ణి మొక్కుతున్నాడో తెలిసేది కాదు. నేనడగలేదు.

కరెంటు గది బయట బెంచీ మీద మాకు సుగుణమణి టీచరమ్మ పరిచయమైంది. నస్పూరులో ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. గొంతులో కాన్సరు. ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి బయటికొచ్చి చెంపకు అంటించి ఉండేది. ఆ గొట్టంతోనే బెంచీ మీద అందరినీ ఏలేది.

"కొత్తగా వచ్చారా? ఇవాళ ఎన్నోది?" అని బొంగురు గొంతుతో అడిగింది.

"మొదటిది టీచరమ్మా."

"అయితే నువ్వు ఒకటో తరగతి. నేను పదో తరగతి. పెద్ద తరగతి వాళ్ళొస్తే లేచి జాగా ఇవ్వాలి."

లేచి జాగా ఇచ్చాను. బావ కూడా లేచాడు. "నువ్వెందుకయ్యా, నువ్వు బళ్ళోనే చేరలేదుగా" అంది ఆమె. బెంచీ బెంచీ అంతా నవ్వింది. అందులో సగం మందికి నవ్వితే నోరు మండుతుంది. అయినా నవ్వారు.

*

మూడో వారం నుంచి డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసగా వచ్చాయి. మందెక్కిన రోజు వాంతులు. మర్నాడూ వాంతులు. నోరు లోపలంతా పచ్చిపుండు. ఉప్పు, పులుపు, కారం అన్నీ ఒకటే అయ్యాయి, తడి మట్టి తిన్నట్టు. బావ జొన్నరవ్వతో గటక చేసి, మజ్జిగలో పిసికి, గుడ్డలో వడకట్టి ఇచ్చేవాడు. "తాగేటోళ్ళు తాగాలె" అనేవాడు గ్లాసు నా ముందు పెట్టి. నాలుగు చెంచాలు తాగి తల అడ్డంగా ఊపేవాణ్ణి.

అటు బస్సులు కూడా బంద్ అయ్యాయి. రైళ్ళు ఒకరోజు నడిస్తే ఒకరోజు లేవు. రాజకుమారి వస్తానని రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ స్టేషను నుంచి వెనక్కి పోయింది. ఫోనులో ఆమె మాట్లాడేది, నేను కుడి చెవితో వినేవాణ్ణి. మాట్లాడాలంటే మంట కాబట్టి ఫోను మీద గోటితో కొట్టేవాణ్ణి. ఒకసారి కొడితే బాగున్నాను, రెండుసార్లు కొడితే పిల్లలకివ్వు. పెద్దది లైను మీదికొచ్చి, "నాయినా, మా స్కూలు గూడ బందే. మీ కరెంటుకు సమ్మె లేదా?" అని అడిగింది.

దసరా రోజు యంత్రానికి సెలవు. బావ పొద్దున్నే ఎక్కడికో పోయి జమ్మి ఆకు తెచ్చాడు. పండగ పూట జమ్మి చేతిలో పెట్టి, గుండెకు హత్తుకోవడం మా వైపు ఆనవాయితీ. అతను ఆకు తెచ్చి నా మంచం పట్టీ మీద పెట్టి, "పండుగ జేసుకునేటోళ్ళు తీసుకోవచ్చు" అని గోడకు చెప్పి, స్టవ్వు దగ్గరికి పోయాడు. నేను ఆకు తీసి కళ్ళకద్దుకున్నాను. అతను వెనక్కి తిరగలేదు గాని, గిన్నె మోత ఆగింది.

మర్నాడు డాక్టరమ్మ నన్ను తూకం యంత్రం మీద నిలబెట్టి కాగితం చూసి పెదవి విరిచింది. పదకొండు కిలోలు తగ్గాను.

"ఇట్లా అయితే కరెంటు మధ్యలో ఆపాల్సి వస్తుంది సదయ్యా. ముక్కులోంచి గొట్టం వేద్దాం. దాంతోనే తాగొచ్చు."

తల అడ్డంగా ఊపాను.

"ఎందుకు?"

ఎందుకో నేను చెప్పలేదు. పిల్లలు చూస్తే జడుసుకుంటారని ఒకటి. ముక్కుకు గొట్టం తగిలించుకుని మా గేటు ముందు నిలబడితే అవతలి యూనియను వాళ్ళు ఏమనుకుంటారని ఇంకొకటి. చావుబతుకుల్లో కూడా మనిషి బుర్రలో ఇలాంటివి తిరుగుతాయని ఆ రోజే తెలిసింది.

టీచరమ్మ బెంచీ మీద నాకు ప్రదర్శన ఇచ్చింది. గొట్టం మూత తీసి, సిరంజిలో రాగి జావ నింపి, మెల్లగా పోస్తూ, "ఇది చేపల పులుసు" అంది. ఇంకో సిరంజి నింపి, "ఇది మా చర్చి క్రిస్మసు బిర్యానీ. ముక్క మెత్తగా ఉడికింది" అంది. చివర్లో నీళ్ళు పోసి, "ఇది సోంపు" అంది. నోరు మండినా నవ్వాను. అయినా తల అడ్డంగానే ఊపాను.

"మొండి విద్యార్థి" అంది ఆమె బావతో.

 బావ లేచి వచ్చి నా ఎడమ వైపు కూర్చున్నాడు. పెదాలు కదిలాయి.

*

అక్టోబరు పదకొండు, మంగళవారం. ఉప్పు, సోడా కలిపిన నీళ్ళతో నోరు పుక్కిలించుకుంటున్నాను. ఆవులింత వచ్చింది. నోరు తెరవాలంటే భయం కాబట్టి సగంలో ఆపబోయాను, ఆగలేదు. ఎడమ చెవిలో టప్పుమని చిన్న చప్పుడు.

ఆ తర్వాత ఎడమ వైపు నుంచి లోకం వచ్చింది.

పక్క గదిలో కుక్కరు కూత. గోడ మీద పావురం రెక్కలు కొట్టుకోవడం. నల్లాలోంచి నీళ్ళు బకెట్లో పడుతున్నాయి, నిన్నటిదాకా ఒక వైపే పడిన నీళ్ళు. ఎండాకాలం నుంచి మూసుకున్న చెవి. కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు, ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ నల్లాను మూడుసార్లు కట్టేసి మూడుసార్లు తిప్పాను. లోపల గడ్డ కరుగుతోందన్నమాట. నాలుగు వారాల బాధకు ఇదీ జవాబు.

బావకు చెబుదామని వచ్చాను. అతను మంచం కింద దూరి నా చెప్పులు వెతుకుతున్నాడు. చెప్పులు నా ముందు పెట్టి, సంచి భుజాన వేసుకుని, "పోయేటోళ్ళు పోవాలె, టైమైంది" అన్నాడు. సరే, నడుస్తూ చెబుదామనుకున్నాను. గల్లీ మలుపు తిరగ్గానే ఎప్పటిలాగే ఎడమ వైపుకు వచ్చాడు. పెదాలు కదిలాయి.

నాకు వినిపించింది.

"ఇయ్యాల పందొమ్మిదోది. ఇంక పదహారు. నిన్న ఆరు చెంచాలు తాగినవ్, మొన్న ఏడు తాగినవ్. గిట్లయితె మీ అక్కకు నేనేం మొఖం చూపెట్టాలె? బుద్ధితక్కువోడా. గొట్టం ఏస్తమంటె ఏసుకోవేందిరా. ఆ టీచరమ్మ ఏసుకోలేదా? ఆమె నీకంటె తక్కువదా?"

నా కాళ్ళు నడుస్తున్నాయి. ముఖం ఎటూ తిప్పకుండా రోడ్డునే చూస్తున్నాను.

"ఆ పదకొండు ఓట్లల్ల ఒకటి నాదే. దాసేదేమున్నది? నీకు ఎయ్యలే. నువ్వు సెక్రటరీ అయితె బాయి నడవదు సదయ్యా, ఒకని మాట ఇనవు. ఇప్పటికీ అదే అంట. గాని మర్నాడు నీ ఇంటికి రావల్సింది. రెండు గల్లీలు. నాలుగేండ్ల సంది రోజు చెప్పులు తొడుక్కునుడు, వాకిట్లకు వచ్చుడు, మళ్ళ ఇడుసుడు."

దవాఖాన గేటు దగ్గరికి వచ్చాం. అతని గొంతు ఇంకా తగ్గింది. కానీ చెవి కొత్తది కదా, అన్నీ పట్టింది.

"నువ్వు పోతె నేనెవనితోని కొట్లాడాలెరా?"

లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ గది ముందు నుంచి పోతుంటే ఆగాను. తలుపు నెట్టి, పుండైన నోటితో వీలైనంత స్పష్టంగా అన్నాను.

"మేడం, గొట్టం ఏయుండ్రి."

ఆమె కలం అందుకుని చీటీ రాసింది. బావ నా వెనకే ఉన్నాడు. వెంటనే బెంచీ దగ్గరికి పరుగెత్తి టీచరమ్మ చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ మాటకే ఒప్పుకున్నడు అమ్మా. మీ చేపల పులుసుకే."

టీచరమ్మ నా వైపు చూసింది. పాత టీచరు కళ్ళు. బావ మందుల చీటీ తీసుకుని అవతలికి పోగానే, "అసలు సంగతేంటి?" అని అడిగింది. ఎడమ చెవి చూపించి చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేక గొట్టం పట్టుకుంది.

"అతనికి చెప్పకు. ఇంకో నాలుగు రోజులు విను. నాలుగేళ్ళ బకాయి ఉంది."

విన్నాను. వారం రోజులు విన్నాను. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ నడవలేదు. గొట్టం ద్వారా గటక నీళ్ళు, పాలు, గుడ్డు కలిపిన జావ కడుపులోకి పోతున్నాయి, ఒంట్లోకి సత్తువ వస్తోంది, ఎడమ చెవిలోకి బావ వస్తున్నాడు. జావలో ఉండలు కట్టకుండా ఎలా కలపాలో కనిపెట్టిన సంగతి చెప్పాడు. బాయిలో పైకప్పు కూలిన నాడు తనను బయటికి తెచ్చిన టబ్బు లాగింది నా ఇంజనేనని, ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదని చెప్పాడు. అక్క పెళ్ళిలో నేను అతని చెప్పులు దాచిపెట్టిన చోటు తనకు అప్పుడే తెలుసనీ చెప్పాడు. గురువారం నాడు ఏమీ చెప్పలేదు. నడుస్తూ నడుస్తూ ముక్కు ఎగబీల్చాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "దుమ్ము" అన్నాడు, ఎవరికో.

ఎదురుగా మాట్లాడాల్సి వస్తే మాత్రం ఇంకా "తాగేటోళ్ళు తాగాలె" అనే.

*

పద్దెనిమిదో తారీకు టీచరమ్మకు ఆఖరి కరెంటు. బెంచీ మీద అందరికీ చాక్లెట్లు పంచింది. తినగలిగిన నోరు ఒక్కటీ లేదు. "దాచుకోండి. నోరు బాగైన రోజున తిని నన్ను తలుచుకోండి, నేను నస్పూరులో బతికే ఉంటాను" అని చెప్పి లోపలికి వెళ్ళింది. నా ఆ రోజు కరెంటు అప్పటికే అయిపోయింది. ఇరవై నాలుగోది. ఆమె బయటికి వచ్చేదాకా కూర్చుందామని కూర్చున్నాం.

బావ ఫోను మోగింది. అవతలి మాట విని, "ఎప్పటి సంది?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. వచ్చి నా ఎడమ వైపు కూర్చున్నాడు.  తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"సమ్మె ఆపిండ్రు. అందరు డ్యూటీ ఎక్కుతున్నరు. నన్ను గూడ రమ్మంటున్నరు. పోతె నిన్నెవలు చూడాలె? పోకపోతె నాగా. నీకెట్ల చెప్పాల్నో సమజైతలేదు. ఇంక పదకొండు దినాలున్నయ్ నీకు..."

"పో బావా," అన్నాను. "డ్యూటీకి పో. నాకేం కాదు."

బావ తల ఎత్తలేదు. "ఏమన్నవ్?" అన్నాడు.

"డ్యూటీకి పొమ్మన్న."

"దానికి ముందట."

"బావా అన్న."

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. నన్ను, నా ఎడమ చెవిని. లేచి నిలబడ్డాడు.

"నీకు ఇనస్తున్నదా?"

"ఇనస్తున్నది."

"ఎప్పటి సంది?"

"పోయిన మంగళారం సంది."

బావ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మంగళవారం, బుధవారం, గురువారం... ఒక్కో వేలు ముడిచినకొద్దీ ముఖం రంగు మారింది.

"ఓట్ల ముచ్చట?"

"ఇన్న."

"బుద్ధితక్కువోడా అన్నది?"

"అది రెండుసార్లు ఇన్న."

గురువారం వేలి దగ్గర ఆగాడు. "బేస్తారం నాడు... దుమ్ము?"

"అది ఇనలే," అన్నాను.

బావ నా ముఖంలోకి చూశాడు. నేను అబద్ధమాడుతున్నానని అతనికి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అప్పుడే తలుపు తెరుచుకుని టీచరమ్మ బయటికి వచ్చింది. మా ఇద్దరి వాలకం చూసి, "ఓ, తెలిసిపోయిందా?" అంది.

"మీకు గూడ ఎరుకేనా అమ్మా!" అని బావ తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బెంచీ మీద వాళ్ళకు కథ తెలియకపోయినా నవ్వు మాత్రం అందరికీ అంటుకుంది. బావ బయటికి పోయి ఒక్కడే ఛాయ్ తాగి వచ్చాడు. వచ్చి, ఫోను తీసి అక్కకు కలిపాడు. ఈసారి నాకు ఎదురుగానే నిలబడి, గట్టిగా, అందరూ వినేలా మాట్లాడాడు.

"ఆఫీసుల చెప్పిపియ్యి, లీవు పెడుతున్న అని. ఏంది? ఆ, ఆగింది వాళ్ళ సమ్మె. నా సమ్మె ఇంక పదకొండు దినాలున్నది."

ఫోను జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. "లే. జావ టైమైంది."

తాగేటోళ్ళు అనలేదు.

*

నవంబరు మూడున ముప్పై అయిదోది అయిపోయింది. ఒక్క నాగా లేదు. వారం తర్వాత గొట్టం తీసేశారు. రైలు దిగి ఇంటికి వచ్చినప్పుడు బావ సంచులతో సహా నేరుగా మా వంటింట్లోకి నడిచిపోయాడు. రాజకుమారిని పక్కకు జరగమని, జావ ఎలా కలపాలో చూపించాడు. అక్క గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆమె ఇంట్లో కూడా ఆదివారం వంట అతనికే అప్పజెప్పింది.

ఫిబ్రవరిలో మళ్ళీ స్కానింగు. డాక్టరమ్మ కాగితాలు తిప్పి తిప్పి చూసింది. "ముక్కు వెనక ఏమీ లేదు. మెడలోనూ ఏమీ లేదు. మూడు నెలలకోసారి వస్తూ ఉండాలి. ఇప్పటికి మాత్రం ఏమీ లేదు."

"ఇంకొక్కసారి చెప్పుండ్రి మేడం," అన్నాడు బావ.

ఆమె ఇంకొక్కసారి చెప్పింది. బయటికి రాగానే టీచరమ్మకు ఫోను చేశాం. ఆమె రిపోర్టు జనవరిలోనే బాగా వచ్చింది. "పాసయ్యావా?" అని అడిగింది. పాసయ్యానన్నాను. "ఎన్ని మార్కులు?" అంది. బావ ఫోను లాక్కుని, "నూటికి నూరు అమ్మా" అని అరిచాడు. రోడ్డు మీద మనుషులు తిరిగి చూశారు.

రుచులు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. ముందు తీపి, తర్వాత ఉప్పు, ఉగాది నాటికి పులుపు. రానిది ఒక్కటే, నోట్లో తడి. కరెంటుకు లాలాజలం ఎండిపోతుందని, అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు మాటలు మాట్లాడితే నాలుక అంగిటికి అతుక్కుంటుంది. దానితో కూడా బతకొచ్చు. నాకు బాయి పైన, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పనిచ్చారు.

ఆ జూనులో మళ్ళీ యూనియన్ ఎన్నికలు వచ్చాయి.

గేటు ముందు రోడ్డుకు ఇటు మా టెంటు, అటు వాళ్ళ టెంటు. ఫస్టు షిఫ్టు వాళ్ళు వచ్చే వేళ. మా వాళ్ళు మైకు నా చేతికిచ్చారు. నేను అవతలి యూనియన్ను అందుకున్నాను. ఏం చెప్పి ఓట్లు తీసుకున్నారు, ఏం చేశారు, ఒక్కొక్కటి దులపడం మొదలుపెట్టాను. అటు వైపు జెండా పట్టుకుని అందరికన్నా గట్టిగా నాకు వ్యతిరేకంగా అరుస్తున్నది మా బావే.

పది నిమిషాలు మాట్లాడానో లేదో నోరు ఎండిపోయింది. మాట ఆగింది. మైకులో బర్రుమని గాలి తప్ప ఏమీ రావడం లేదు. అటు వైపు నుంచి ఈలలు. మా వాళ్ళు నీళ్ళ కోసం అటూ ఇటూ వెతుకుతున్నారు.

బావ జెండా పక్కవాడి చేతిలో పెట్టాడు. సంచిలోంచి నీళ్ళ సీసా తీశాడు. రోడ్డు దాటి, మా టెంటులోకి వచ్చి, మూత తీసి సీసా నా చేతికిచ్చాడు.

"తాగు. తాగి మాట్లాడు. అబద్ధాలైనా సాఫ్‌గ రావాలె."

మళ్ళీ రోడ్డు దాటాడు. జెండా అందుకున్నాడు. మా మీద నినాదం ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే ఎత్తుకున్నాడు.

నేను నీళ్ళు తాగాను. గొంతు తడిసింది. మైకు దగ్గరికి తీసుకుని, వాళ్ళ యూనియన్ను ఇంకో పావుగంట తిట్టాను.